శీతలీకరణ వాయువుల ఉపసంహరణ: 2030 గడువు – పాతబస్తీ మరమ్మతు రంగం

(ప్రత్యేక విశ్లేషణ)

హైదరాబాద్: ఓజోన్ పొరకు హాని కలిగించే శీతలీకరణ వాయువుల దశలవారీ ఉపసంహరణ కార్యక్రమం దేశంలో తుది ఘట్టానికి చేరుకున్నది. క్లోరోఫ్లోరోకార్బన్ల (సి.ఎఫ్.సి.) ఉత్పత్తి, ఉబ్బసపు ఇన్‌హేలర్ల అవసరానికి మినహా, 2008 ఆగస్టు 1 నాటికే నిలిచిపోయింది. వాటి స్థానంలో ప్రధానంగా ఏసీలలో వాడుకలో ఉన్న హైడ్రోక్లోరోఫ్లోరోకార్బన్లను (హెచ్.సి.ఎఫ్.సి.) కొత్త యంత్రాల తయారీలో వినియోగించడం 2025 జనవరి 1 నుండి ఆగిపోయింది. కర్మాగారాల స్థాయిలో జరగవలసిన పని ఆ విధంగా చాలావరకు పూర్తయినది. మిగిలినది ఇప్పటికే ఇళ్లలో, దుకాణాలలో, ఆసుపత్రులలో బిగించి ఉన్న పాత యంత్రాల సంగతి. వాటిని మరమ్మతు చేసే మెకానిక్‌ల సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉన్నది.

ఈ మిగిలిన పని భారం నగరంలో ఎక్కువగా పడే ప్రాంతాలలో హైదరాబాద్ పాతబస్తీ ఒకటి. కొత్త ఏసీ కొనగల స్తోమత లేనివారు పాత ఏసీని, పాత ఫ్రిజ్‌ను బాగుచేయించుకొని వాడుకోవడం ఇక్కడ సర్వసాధారణం. అందువలన 2030లో రానున్న హెచ్.సి.ఎఫ్.సి. గడువు ఈ ప్రాంత ప్రజల ఖర్చుపైన, చిన్న మరమ్మతు దుకాణాల జీవనోపాధిపైన, వాతావరణంలోనికి విడుదలయ్యే వాయువు పరిమాణంపైన ఏకకాలంలో ప్రభావం చూపనున్నది. ఆ ప్రభావం ఏ విధంగా ఉండగలదు, దానిని ఎదుర్కొనుటకు ఏమి చేయవచ్చును అన్నదే ఈ విశ్లేషణ ఉద్దేశం.

నేపథ్యం

సి.ఎఫ్.సి.లు విషపూరితం కావు, మండవు, చౌకగా లభిస్తాయి. ఈ మూడు గుణాల వలన గత శతాబ్దం మధ్యకాలం నుండి ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో, నురుగు పదార్థాలలో అవి విస్తారంగా వ్యాపించాయి. ఇవి పై వాతావరణానికి చేరి, అతినీలలోహిత కిరణాల తాకిడికి విడిపోయి క్లోరిన్‌ను వెలువరిస్తాయని, ఆ క్లోరిన్ ఓజోన్‌ను నశింపజేస్తుందని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ వెల్లడించారు. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష వరకు ఓజోన్ అణువులను విచ్ఛిన్నం చేయగలదని అంచనా. 1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రవేత్తలు అంటార్కిటికాపై ఓజోన్ పొర తీవ్రంగా పలుచబడినట్లు ప్రకటించడంతో ప్రపంచ దేశాలు మేల్కొన్నాయి. అదే సంవత్సరం మార్చి 22న వియన్నా ఒప్పందం, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ప్రోటోకాల్ కుదిరాయి. భారతదేశం 1991లో వియన్నా ఒప్పందంలోనూ, 1992 జూన్ 19న మాంట్రియల్ ప్రోటోకాల్‌లోనూ భాగస్వామి అయినది. ప్రోటోకాల్ అమలు కొరకు ఓజోన్ క్షీణత పదార్థాల (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమావళిని కేంద్ర ప్రభుత్వం 2000 జూలైలో అమలులోనికి తెచ్చింది. దాని ప్రకారం 2003 జనవరి 1 నుండి కొత్త ఫ్రిజ్‌లు, ఏసీల తయారీలో సి.ఎఫ్.సి.ల వాడకం నిషిద్ధమైనది.

2009 నాటికి ప్రపంచ దేశాలన్నీ ఆమోదించిన ఈ ఒప్పందం ఫలితాలను ఇస్తున్నది. ప్రస్తుత విధానాలు కొనసాగిన పక్షంలో ఓజోన్ పొర అంటార్కిటికాపై 2066 ప్రాంతంలోనూ, ఆర్కిటిక్‌పై 2045 ప్రాంతంలోనూ, మిగిలిన ప్రపంచంపై 2040 ప్రాంతంలోనూ 1980 నాటి స్థాయికి చేరుకోగలదని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని శాస్త్రవేత్తల బృందం 2023 జనవరిలో తెలియజేసింది.

హైదరాబాద్ వంటి ఉష్ణమండల నగరాలపై ఓజోన్ పొర ధ్రువ ప్రాంతాలలో వలె పలుచబడలేదు. అయినప్పటికీ ఈ ఉపసంహరణతో మన నగరానికి నేరుగా సంబంధం ఉన్నది. ఓజోన్‌కు హాని చేసే ఈ వాయువులే భూతాపాన్ని కూడా తీవ్రంగా పెంచుతాయి. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వడగాడ్పులకు దాదాపు రెండు వేల మంది ప్రాణాలు కోల్పోయిన అనుభవం మనకు ఉన్నది. వేసవి తీవ్రత పెరిగిన కొద్దీ ఏసీల అవసరం పెరుగుతుంది. ఏసీల నుండి వాయువు వెలుపలికి పోయిన కొద్దీ వేసవి తీవ్రత మరింత పెరుగుతుంది.

ఒక కిలో వాయువు లెక్క

పాత ఏసీలలో వాడే హెచ్.సి.ఎఫ్.సి.-22ను మెకానిక్‌లు ఆర్-22 అని పిలుస్తారు. ఓజోన్‌కు అది చేసే హాని పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12తో పోల్చినప్పుడు చాలా తక్కువ. ఆర్-12 హానిని 1గా లెక్కిస్తే ఆర్-22 హాని 0.055 మాత్రమే. అయితే భూతాపం విషయంలో ఒక కిలో ఆర్-22, నూరేళ్ల కాలావధిలో, 1,810 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఆర్-12 విషయంలో ఈ లెక్క 10,900 కిలోలు.

ఈ అంకెను విద్యుత్తుతో పోల్చి చూడవచ్చును. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తుకు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. అనగా ఒక కిలో ఆర్-22ను గాలిలోనికి వదలడం సుమారు 2,500 యూనిట్ల విద్యుత్తును ఖర్చు చేయడంతో సమానం. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ల చొప్పున రోజుకు 8 గంటలు నడిచినా, ఇంత విద్యుత్తు వాడుటకు రెండు వందల రోజులు దాటుతుంది. ఒక ఇంటి ఏసీలో ఉండే వాయువు ఇంచుమించు కిలో. మరమ్మతు సమయంలో పైపును విప్పి ఆ వాయువును వెలుపలికి వదలడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. రెండు వేసవులలో పొదుపు చేసిన విద్యుత్తు ప్రయోజనం ఆ కొద్ది నిమిషాలలో హరించుకుపోగలదు.

పాతబస్తీ పరిస్థితి

శాలిబండ, హుస్సేనీ ఆలం, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వంటి ప్రాంతాలలో శీతలీకరణ యంత్రాల మరమ్మతు ప్రధానంగా చిన్న దుకాణాల వృత్తి. చాలామంది మెకానిక్‌లు ఉస్తాద్ వద్ద పని నేర్చుకున్నవారే. చేతి నైపుణ్యం వారికి పుష్కలంగా ఉన్నది. ధ్రువపత్రం, ఖరీదైన పరికరాలు మాత్రం అందరికీ లేవు. మార్చి నుండి జూన్ వరకు ఉండే గిరాకీయే సంవత్సరమంతటి ఆదాయానికి ఆధారం.

వీరి వినియోగదారులలో ఇంటి ఏసీ యజమానులే కాక మాంసం దుకాణాలు, పాల కేంద్రాలు, ఐస్‌క్రీం, ఫలూదా అమ్మేవారు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, మందుల దుకాణాలు ఉన్నాయి. డీప్ ఫ్రీజర్ ఒక్క రోజు నిలిచిపోతే చిన్న వ్యాపారికి సరుకు పాడై నష్టం వస్తుంది. అందువలన "ఈ పూటకు నడిస్తే చాలు" అన్న పద్ధతిలోనే మరమ్మతులు సాగుతున్నాయి. లీకేజీ ఎక్కడ ఉన్నదో వెదకి, అతుకు వేసి, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష జరిపి, వ్యాక్యూమ్ పంపుతో గాలిని, తేమను తొలగించి, తూకం ప్రకారం వాయువును నింపడం సరియైన విధానం. దీనికి సమయం, పరికరాలు కావాలి. గేజ్ చూసి "గ్యాస్ చార్జింగ్" చేసి పంపడం సులభం. లీకేజీ అలాగే ఉండిపోవడం వలన మరుసటి వేసవిలో యజమాని మరల డబ్బు చెల్లించవలసి వస్తుంది. మొదట నింపిన వాయువు అప్పటికే వాతావరణంలో కలిసిపోయి ఉంటుంది. వాయువు తగ్గిన యంత్రం అంతవరకు ఎక్కువసేపు నడిచి విద్యుత్తు బిల్లును కూడా పెంచుతుంది.

యంత్రం ఆయువు తీరిన తరువాత అది కబాడీ దుకాణానికి చేరుతుంది. అక్కడ రాగి పైపుకు, కంప్రెసర్‌కు, అల్యూమినియానికి ధర ఉన్నది, లోపలి వాయువుకు ధర లేదు. కనుక పైపు కోయగానే వాయువు గాలిలో కలుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమావళి ఫ్రిజ్‌లు, ఏసీల ఉత్పత్తిదారులపై పాత యంత్రాల పునర్వినియోగ బాధ్యతను ఉంచింది. ఆ బాధ్యత పాతబస్తీ కబాడీ దుకాణం గడప వరకు చేరినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది.

మొదటి విడత నేర్పిన పాఠం

ఫ్రిజ్‌ల తయారీతో హైదరాబాద్‌కు పాత అనుబంధం ఉన్నది. 1942లో ప్రారంభమైన ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లు ఒక తరం పాటు తెలుగు ఇళ్లలో సుపరిచితం. బాలానగర్‌లో కంప్రెసర్ల కర్మాగారం వెలసింది. ఆర్-12కు ప్రత్యామ్నాయమైన హెచ్.ఎఫ్.సి.-134ఏ తయారీ ప్రక్రియపై తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) పరిశోధనలు జరిపింది. ఆ విధంగా సి.ఎఫ్.సి.ల నుండి మారే క్రమంలో నగర పరిశ్రమకు, శాస్త్రవేత్తలకు పాత్ర లభించింది.

వర్ధమాన దేశాలపై పడే అదనపు వ్యయాన్ని భరించుటకు మాంట్రియల్ ప్రోటోకాల్ కింద బహుపాక్షిక నిధి ఏర్పాటైనది. సి.ఎఫ్.సి. ఉత్పత్తిని దశలవారీగా నిలిపివేయుటకు 1999లో కుదిరిన ఒప్పందం మేరకు మన దేశపు ఉత్పత్తిదారులకు 8 కోట్ల 20 లక్షల అమెరికన్ డాలర్లు మంజూరైనవి. యంత్రాల తయారీదారులకు కూడా మార్పిడి సహాయం అందింది. మరమ్మతు రంగానికి అందినది ప్రధానంగా శిక్షణ, కొంతమేరకు పరికరాలు. భారత, స్విస్, జర్మన్ ప్రభుత్వాల సహకారంతో నడిచిన హైడికోర్ పథకం, ఆ తరువాత 2004 నుండి అమలైన జాతీయ సి.ఎఫ్.సి. వినియోగ ఉపసంహరణ ప్రణాళిక వేలాది మంది మెకానిక్‌లకు మెళకువలు నేర్పాయి.

ఈ తేడా సహజమే. కర్మాగారాలను వేళ్లపై లెక్కించవచ్చును, గల్లీలలోని దుకాణాలను లెక్కించడం కష్టం. అయితే పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12లో ఎంత భాగం తిరిగి రాబట్టబడి మరల ఉపయోగపడినది, ఎంత భాగం గాలిలో కలిసినది అన్న విషయం ఈ దుకాణాలలోనే తేలింది. వాయువును రాబట్టే యంత్రం, దానిని నిల్వ చేసే సిలిండరు దుకాణంలో లేనప్పుడు శిక్షణ పొందిన మెకానిక్ సైతం దానిని వదలివేయడం మినహా చేయగలిగినది లేదు. శిక్షణతో పాటు పరికరం కూడా అందాలన్నదే మొదటి విడత నేర్పిన ముఖ్యమైన పాఠం.

2030 అంకెల అర్థం

హెచ్.సి.ఎఫ్.సి.ల విషయంలో మన దేశానికి ప్రాతిపదికగా నిర్ణయమైన వార్షిక వినియోగం 1,608.2 ఓ.డి.పి. టన్నులు. ఓజోన్ హాని ప్రకారం తూచిన టన్నులను ఓ.డి.పి. టన్నులు అంటారు. ఈ పరిమాణంలో 2015 నాటికి 10 శాతం, 2020 నాటికి 35 శాతం, 2025 నాటికి 67.5 శాతం తగ్గించాలన్నది ప్రోటోకాల్ నిర్దేశం. 2020 లక్ష్యాన్ని మన దేశం 44 శాతం తగ్గింపుతో అధిగమించింది. 2030 జనవరి 1 నుండి కొత్త వినియోగం పూర్తిగా నిలిచిపోవాలి. పాత యంత్రాల సర్వీసింగ్ కొరకు మాత్రం 2040 వరకు సగటున ఏటా 2.5 శాతం వాడుకొనుటకు అనుమతి ఉన్నది.

ఈ శాతాలను మెకానిక్‌కు పరిచయమైన కిలోల భాషలో చూచినప్పుడు వాటి తీవ్రత బోధపడుతుంది. మొత్తాన్ని ఆర్-22గానే లెక్కిస్తే, 2025 నుండి అమలైన పరిమితి దేశం మొత్తానికి ఏటా దాదాపు 9,500 టన్నులు. 2030 తరువాతి పరిమితి సగటున ఏటా 730 టన్నులు మాత్రమే. అనగా పదమూడు సిలిండర్లు వచ్చే చోట ఒక్క సిలిండరు వస్తుంది.

ఇదే సమయంలో, ఆర్-22తో తయారై 2024 ముగిసే లోపు అమ్ముడైన యంత్రాలు పదేళ్ల ఆయువు ఉన్నా 2034 వరకు నడుస్తాయి. పాత యంత్రాలు చేతులు మారే పాతబస్తీ వంటి చోట్ల ఈ ఆయువు మరింత ఎక్కువ. సరఫరా కుంచించుకుపోయి, అవసరం అంత త్వరగా తగ్గని పరిస్థితిలో వాయువు ధర పెరగడం అనివార్యం. ఆ భారం మొదట పడేది కొత్త యంత్రానికి మారలేని వారిపైననే.

ఇక్కడ అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. పాత యంత్రాల నుండి రాబట్టి, శుద్ధి చేసి, మరల వాడే వాయువును ప్రోటోకాల్ ప్రకారం కొత్త వినియోగం కింద లెక్కించరు. అనగా 2030 తరువాత పరిమితికి వెలుపల లభించే ఆర్-22 అంతా ఈనాడు పాత ఏసీలలో ఉన్నదే. ఈ రోజు పైకప్పుపై ఏసీ విప్పుతూ గాలిలోనికి వదలుతున్న వాయువు, రేపు మాంసం దుకాణపు ఫ్రీజర్‌ను నడిపించవలసిన వాయువు. దీనిని రాబట్టి దాచుకోవడం పర్యావరణానికి చేసే ఉపకారం మాత్రమే కాదు, మెకానిక్‌కు సరుకు నిల్వ, వినియోగదారుకు ధరల నుండి రక్షణ. ఒక నియమం మాత్రం తప్పనిసరి: వేర్వేరు వాయువులను ఒకే సిలిండరులో కలుపరాదు. కలిసిన వాయువు తిరిగి వాడుకకు పనికిరాదు.

కొత్త వాయువులు, కొత్త జాగ్రత్తలు

ఆర్-22 స్థానంలో మొదట విస్తృతంగా వచ్చినది ఆర్-410ఏ. ఓజోన్‌కు దీని వలన హాని లేదు. కాని దీని భూతాప గుణకం 2,088, ఆర్-22 కన్నా అధికం. ఫ్రిజ్‌లలో, కార్ల ఏసీలలో వచ్చిన హెచ్.ఎఫ్.సి.-134ఏ గుణకం 1,430. ఒక సమస్యకు పరిష్కారంగా వచ్చినవి మరొక సమస్యకు కారణమైనందున 2016 అక్టోబరులో కిగాలి సవరణ కుదిరింది. భారతదేశం దీనిని 2021 సెప్టెంబరులో ధ్రువీకరించింది. 2024, 2025, 2026 సంవత్సరాల సగటు హెచ్.ఎఫ్.సి. వినియోగానికి హెచ్.సి.ఎఫ్.సి. ప్రాతిపదికలో 65 శాతాన్ని కలిపి మన ప్రాతిపదికను నిర్ణయిస్తారు. 2028లో వినియోగాన్ని ఆ స్థాయి వద్ద నిలిపి, 2032లో 10 శాతం, 2037లో 20 శాతం, 2042లో 30 శాతం, 2047లో 85 శాతం తగ్గించవలసి ఉన్నది.

ప్రస్తుతం కొత్త ఏసీలలో ఎక్కువగా కనిపించే ఆర్-32 గుణకం 675. ఫ్రిజ్‌లలోని ఆర్-600ఏ, కొన్ని ఏసీలలోని ఆర్-290 సహజ హైడ్రోకార్బన్లు, వీటి భూతాప ప్రభావం అత్యల్పం. ఆర్-290తో నడిచే స్ప్లిట్ ఏసీలు మన దేశంలో 2012లోనే మార్కెట్‌లోనికి వచ్చాయి. శీతల గిడ్డంగులలో, ఐస్ ఫ్యాక్టరీలలో వాడే అమ్మోనియా కూడా సహజ వాయువే. గుంటూరు మిర్చి గిడ్డంగులు దానితోనే నడుస్తున్నాయి. అనగా సహజ వాయువులతో పని తెలుగు ప్రాంతానికి కొత్త కాదు, చిన్న యంత్రాల మరమ్మతుకు మాత్రమే కొత్త.

అయితే ఆర్-32 స్వల్పంగా మండుతుంది. ఆర్-290, ఆర్-600ఏ తేలికగా మండుతాయి. ఆర్-410ఏ ఒత్తిడి ఆర్-22 కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు అధికం. అందువలన పాత గేజ్, పాత అలవాటు వీటికి సరిపోవు. ఆర్-22 కొరకు తయారైన ఏసీలో ఆర్-410ఏ గాని, ఆర్-32 గాని, ఆర్-290 గాని నింపరాదు. ఇల్లు, దుకాణం, వంటగది ఒకే చోట ఉండే ఇరుకైన గల్లీలలో, లోపల మండే వాయువు మిగిలి ఉన్న పైపుకు గ్యాస్ మంటతో అతుకు వేయడం ప్రాణాపాయం. ముందుగా వాయువును పూర్తిగా తొలగించి, నైట్రోజన్‌తో శుభ్రపరచి, గాలి ఆడే చోట పని చేయాలి.

నకిలీ వాయువుల ప్రమాదం కూడా పొంచి ఉన్నది. కొరత ఏర్పడిన చోట నకిలీ పుట్టడం లోకరీతి. 2011లో హెచ్.ఎఫ్.సి.-134ఏ పేరిట మిథైల్ క్లోరైడ్ కలిసిన వాయువు నింపిన రవాణా కంటైనర్లు పేలి వియత్నాం, బ్రెజిల్ దేశాలలో కార్మికులు మరణించారు. ఏసీ, ఫ్రిజ్ ప్రమాదాల వార్తలలో "సిలిండర్ పేలుడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టక, యంత్రానికి నిర్దేశించిన వాయువు ఏది, అందులో నింపినది ఏది, ఇటీవల మరమ్మతు జరిగినదా, విద్యుత్ షార్ట్ సర్క్యూట్ కారణమా అన్న వివరాలను పాత్రికేయులు సేకరించగలిగితే ప్రజలకు మేలు కలుగుతుంది.

లాభం ఎవరికి, భారం ఎవరిపై

ఈ మార్పుల ఆర్థిక ప్రయోజనం ఒక చోట, భారం మరొక చోట పడుతున్నాయి. కొత్త వాయువులతో నడిచే యంత్రాల తయారీ విస్తరిస్తున్నది. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2023లో పెద్ద ఏసీ కర్మాగారాలు ప్రారంభమై ఆ ప్రాంతం ఏసీల తయారీ కేంద్రంగా ఎదుగుతున్నది. కొత్త యంత్రం కొనగలిగిన వారికి తక్కువ విద్యుత్తుతో చల్లదనం లభిస్తున్నది.

పాతబస్తీ మెకానిక్ విషయం వేరు. ముప్పై ఏళ్ల వృత్తి జీవితంలో ఆయన ఆర్-12 నుండి 134ఏకు, ఆర్-22 నుండి 410ఏ, 32లకు మారవలసి వచ్చింది. హైడ్రోకార్బన్ల మార్పు ఇక ముందు ఉన్నది. ప్రతి మార్పుకు కొత్త గేజ్, కొత్త నూనె, కొత్త సిలిండరు, కొత్త జాగ్రత్త అవసరం. ఈ పెట్టుబడి పెట్టలేని దుకాణం కొత్త యంత్రాల పని కోల్పోయి, పాత యంత్రాలకే పరిమితమై, ఆ పాత యంత్రాలతో పాటే మూతపడే అవకాశం ఉన్నది. కంపెనీ సర్వీస్ కేంద్రాల రుసుమును భరించలేని కుటుంబాలకు అప్పుడు మరమ్మతు కూడా అందుబాటులో లేకుండా పోతుంది. శీతలీకరణ వాయువుల మొత్తం వినియోగంలో సుమారు 40 శాతం సర్వీసింగ్ రంగానిదే అన్న అంచనాను బట్టి, ఈ దుకాణాలను విస్మరించి సాధించగల పర్యావరణ లక్ష్యం పరిమితమేనని స్పష్టమవుతున్నది.

2019 మార్చిలో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ఈ విషయాన్ని గుర్తించింది. 2037-38 నాటికి శీతలీకరణ వాయువుల అవసరాన్ని 25 నుండి 30 శాతం వరకు తగ్గించాలని, లక్ష మంది సర్వీసింగ్ మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం అందించాలని లక్ష్యాలను నిర్దేశించింది. హెచ్.సి.ఎఫ్.సి. ఉపసంహరణ ప్రణాళిక మూడవ దశకు 2023 నుండి 2030 వరకు కాలవ్యవధి ఉన్నది. ఈ వ్యవధిలోనే పాతబస్తీ వరకు శిక్షణ, పరికరాలు చేరవలసి ఉన్నది.

చల్లదనం అవసరాన్ని తగ్గించడం

వాయువు మార్పు ఒక మార్గం కాగా, యంత్రం అవసరాన్నే తగ్గించడం మరొక మార్గం. రేకుల కప్పు, పలుచని స్లాబు పగలంతా వేడిని పీల్చుకొని రాత్రి గదిలోనికి వదలుతాయి. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పులపై ఎండను తిప్పికొట్టే పొరను ప్రయోగాత్మకంగా పరచి, గదులలో వేడి తగ్గినట్లు గమనించారు. 2023 ఏప్రిల్ 3న ప్రకటించిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం (2023–28) హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రంలోని మిగిలిన ప్రాంతాలలో 100 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులను లక్ష్యంగా నిర్దేశించింది. 600 చదరపు గజాల లోపు స్థలంలోని నివాసాలకు ఇది స్వచ్ఛందం. పాతబస్తీ ఇళ్లలో అత్యధికం ఈ కొలతకు లోబడినవే కనుక ఇక్కడ నిర్బంధం కన్నా ప్రచారం, సున్నం లేదా తెల్లని పూతకు స్వల్ప సహాయం ఎక్కువ ఫలితాన్ని ఇవ్వగలవు. కప్పు చల్లబడిన గదికి చిన్న ఏసీ సరిపోతుంది, కొన్ని ఇళ్లకు ఏసీ అవసరమే ఉండదు. 2020 జనవరి 1 నుండి కొత్త గది ఏసీలలో ముందస్తు అమరికగా 24 డిగ్రీలను నిర్ణయించడం కూడా ఈ దిశలో వేసిన అడుగే.

దృష్టి సారించవలసిన అంశాలు

పై పరిశీలనను బట్టి 2030 లోపు ఈ క్రింది చర్యలు ఆవశ్యకమని భావించవచ్చును.

1. పాతబస్తీలోని శీతలీకరణ మెకానిక్‌ల వివరాలను వార్డుల వారీగా సేకరించడం. ఈ నమోదు పన్ను కొరకు, తనిఖీ కొరకు కాదని, శిక్షణ, పరికరాల కొరకేనని వారికి ముందుగా స్పష్టం చేయాలి. లేనిపక్షంలో ఎవరూ ముందుకు రారు.

2. శిక్షణను ఉర్దూ, తెలుగు భాషలలో, స్థానికంగా, వేసవి గిరాకీ లేని నెలలలో నిర్వహించడం. చందూలాల్ బారాదరిలోని కులీ కుతుబ్‌షా ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి సంస్థలు ఇందుకు అనువైనవి. ఉస్తాద్ వద్ద నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి నేరుగా ధ్రువపత్రం ఇచ్చే విధానం వయసు మళ్లిన మెకానిక్‌లకు ఉపకరిస్తుంది.

3. వాయువును రాబట్టే యంత్రాలు, వ్యాక్యూమ్ పంపులు, తూకపు యంత్రాలను దుకాణాల సముదాయానికి ఉమ్మడిగా అద్దె ప్రాతిపదికపై అందించడం. రాబట్టిన వాయువును తూచి కొనుగోలు చేసే కేంద్రాన్ని నెలకొల్పడం. వాయువుకు ధర పలికిన నాడు మెకానిక్ గాని, కబాడీ వ్యాపారి గాని దానిని గాలిలోనికి వదలరు.

4. ప్రభుత్వ ఆసుపత్రులు, కార్యాలయాలు, పాఠశాలల ఏసీల వార్షిక నిర్వహణ కాంట్రాక్టులలో ధ్రువపత్రం పొందిన మెకానిక్, రాబట్టిన వాయువు లెక్క అనే రెండు షరతులను చేర్చడం. పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి సంస్థలలో చల్లదనం విలాసం కాదు, చికిత్సలో భాగం. అటువంటి చోట్ల పాత యంత్రాల మార్పిడికి ప్రాధాన్యం ఇవ్వాలి.

5. కొత్త కొనుగోళ్లలో విద్యుత్ స్టార్ గుర్తుతో పాటు వాయువు పేరును, దాని భూతాప గుణకాన్ని కూడా పరిశీలించడం. నేడు గుణకం అధికంగా ఉన్న యంత్రాన్ని కొంటే కిగాలి గడువులలో మరల ఇదే సమస్య ఎదురవుతుంది.

6. ఏటా సెప్టెంబరు 16న జరిగే ఓజోన్ దినోత్సవాన్ని విద్యార్థుల ప్రదర్శనలకే పరిమితం చేయక, మెకానిక్‌ల ధ్రువపత్రాల ప్రదానానికి, పరికరాల పంపిణీకి వేదికగా మార్చడం.

ముగింపు

మాంట్రియల్ ప్రోటోకాల్ విజయాన్ని ప్రపంచం ఇంతవరకు మూతపడిన ఉత్పత్తి విభాగాల సంఖ్యతో, తగ్గిన టన్నులతో కొలిచింది. ఇక మిగిలిన భాగాన్ని మరమ్మతు దుకాణాలలో రాబట్టిన కిలోలతో కొలవవలసి ఉన్నది. పాతబస్తీ మెకానిక్‌కు నైపుణ్యం ఉన్నది, పని ఉన్నది, నమ్మి వచ్చే వినియోగదారులు ఉన్నారు. ఆయనకు కొరవడినది ఒక పరికరం, ఒక ధ్రువపత్రం, రాబట్టిన వాయువుకు ఒక ధర. ఈ మూడింటిని 2030 లోపు సమకూర్చగలిగితే పేద కుటుంబం ఏసీ, చిన్న వ్యాపారి ఫ్రీజర్, మెకానిక్ ఉపాధి, నగరపు వాతావరణం అన్నిటికీ రక్షణ లభిస్తుంది. సమకూర్చలేకపోతే గడువు కాగితంపై నెరవేరుతుంది, పాత యంత్రాలలోని వాయువు మాత్రం గాలిలో కలిసిపోతుంది, దాని ఖర్చు భరించలేనివారిపై పడుతుంది. సంబంధిత శాఖలు, పౌర సంస్థలు, పత్రికలు ఈ అంశంపై తగిన శ్రద్ధ వహించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.